ఎనభై ఆకులు

మదురై,
ధాత సంవత్సరం, ఆవణి 6 (1876 ఆగస్టు)

పూజ్యులైన అప్పసామి మామగారి పాదాలకు నమస్కరించి మేనల్లుడు కరుప్పయ్య వ్రాసినది.

సత్రం చేరి పది రోజులయింది. మీరు ఇరవైయారేళ్ళు కూరగాయలు కొన్న గోనెసంచి ఇప్పుడు నా భుజాన ఉంది. దానిని చూసి అంగడివాళ్ళు నన్ను గుర్తుపడుతున్నారు గాని, గౌరవించడం లేదు.

పెద్ద ధర్మకర్త పిలిపించి మాట్లాడారు. తై నెల, అంటే సంక్రాంతి వరకు నన్ను పరీక్షగా చూస్తారట. ఖర్చులో అదుపు కనబడితే ఉద్యోగం స్థిరమవుతుంది, సత్రం వెనకనున్న రెండు గదులూ నాకిస్తారు. ఆ గదులు చేతికి వచ్చిన వారంలోపలే పాంచాలిని తీసుకువస్తాను. అమ్మా నాన్నా పోయిన నాటినుంచి నన్నూ చెల్లెలినీ మీ ఇంట పెంచారు. ఇకనైనా దాని భారం నేను మోయాలి.

అయితే పని నేననుకున్నంత సులభంగా లేదు. మధ్యాహ్నపు గంట కొట్టేలోపల వచ్చి కూర్చున్న ప్రతి మనిషికీ ఆకు వేసి అన్నం పెట్టడం ఈ సత్రం ధర్మం. ఒకరోజు తొంభైమంది, ఒకరోజు నూటనలభైమంది. కూరగాయలకిచ్చే డబ్బు మాత్రం రోజూ ఒక్కటే. మీరు ఎట్లా నడిపారో అర్థం కావడం లేదు.

నిన్న ఆరాయి అనే ఆమె కుప్పలో బెండకాయలు కొన విరిచి చూశాను. "ఏమి తంబీ, కొనేదానికి వచ్చినావా, విరిచేదానికి వచ్చినావా? విరిచినవన్నీ నీ పెండ్లి సాంబారుకి ఎత్తిపెట్టుకో, దుడ్డు పెట్టి పో!" అంది. చుట్టుపక్కలవాళ్ళందరూ నవ్వారు. విరిచిన పదకొండు కాయలూ కొనవలసి వచ్చింది.

దయచేసి నాకు కొనడం నేర్పండి.

మీ కరుప్పయ్య


అన్నూరు,
కోయంబత్తూరు జిల్లా,
ఆవణి 14

చిరంజీవి కరుప్పయ్యకు ఆశీస్సులు.

నీ ఉత్తరం పాంచాలికి చదివి వినిపించాను. బెండకాయల దగ్గర అది నవ్విన నవ్వుకు కొట్టంలో ఎద్దులు తల తిప్పి చూశాయి. "పదకొండేనా? అన్నకు లెక్క తప్పింటాది, ఇంగా విరిచే ఉంటాడు" అన్నది.

బెండకాయను విరవవలసిన పని లేదు. కొనను బొటనవేలితో కొద్దిగా వంచు. లేతదైతే విరిగిపోతానన్నట్టు బిగుస్తుంది, అక్కడ ఆపు. వంకాయకు చర్మం చూడకు, ముచ్చిక చూడు. ముచ్చిక పచ్చగా ఉండి దాని ముల్లు గుచ్చుకుంటే అది ఈ ఉదయం కోసినది. ఒకే పరిమాణంలో రెండు కాయలుంటే తేలికైనదాన్ని తీసుకో. బరువైనదానిలో గింజ ముదిరి ఉంటుంది. ఆకుకూర మీద నీళ్ళు చల్లి కొత్తదిగా చూపుతారు. కట్ట తిరగేసి కాడ తెగిన చోటు చూడు. అక్కడ రంగు మారితే నిన్నటిది.

ఖర్చు బేరంతో కొంతే తగ్గుతుంది, ఎంపికతో చాలా తగ్గుతుంది. అరటికి గెల ఒక్కటే కొనక చెట్టు మొత్తం మాట్లాడుకో. ఆకు విస్తరికి, పువ్వు ఒకపూట కూరకు, దూట ఇంకొక పూటకు, కాయ మూడోపూటకు వస్తాయి. బూడిద గుమ్మడిని పైని బూడిద చెదరకుండా ఉన్నది చూసి ఉట్టిలో పెట్టు. మూడు నెలలు నీకు తోడుగా ఉంటుంది.

ఎత్తయిన కుప్ప దగ్గర ఆగకు. గోళ్ళలో మట్టి ఉన్న మనిషి దగ్గర కూర్చో. ఆమె తాను పండించినది అమ్ముకొని పొద్దు వాలకముందే ఊరు చేరాలి. ఆ తొందర నీకు లాభమే, కాని దాన్ని పిండవద్దు. రేపు కూడా ఆమె రావాలి కదా.

ఇక్కడ వాన రెండు జల్లులు పడి ఆగింది. ఇంకా సమయం ఉంది.

అప్పసామి


మదురై,
పురట్టాసి 5

మామగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం జేబులో పెట్టుకొని అంగడికి వెళుతున్నాను. ముచ్చిక చూసి వంకాయ ఏరుతుంటే ఆరాయి, "ఓహో, మామ దగ్గర పాఠమయిందా! ఇంగ మా కడుపు మీద కొట్టేది నువ్వే" అని తానే మంచివి తీసి ఇచ్చింది.

ఇంకొక శుభవార్త. ధరలు రోజురోజుకూ దిగుతున్నాయి. ఈ కాలంలో ఇట్లా దిగడం ఎవరూ ఎరగరట. సిరుమలై కొండ అరటిగెలలు సగం వెలకే దొరికాయి. కాయలు కాస్త సన్నగా, గట్లు పదునుగా ఉన్నాయి గాని కూరకు బాగున్నాయి. వంకాయనయితే మొక్కను వేరుతో సహా పెరికి, కాయలు దానికే ఉండగా కట్టలుగా తెచ్చి అమ్ముతున్నారు. నాకిచ్చిన దానిలో మూడోవంతు మిగులుతోంది. నెలాఖరున దానిని పెద్ద ధర్మకర్త చేతిలో పెట్టబోతున్నాను.

ఈ సంగతి చూచాయగా చెప్పగానే ఆయన కుర్చీలో ముందుకు వంగారు. "మీ మామ ఇన్నేండ్లలో ఒకనాడైనా మిగిలినాది అని చెప్పినాడా? ఇంత తక్కువకు నడుస్తాదని మాకు తెలియకనే పోయెనే!" అన్నారు. మీమీద ఆ మాట నాకు నచ్చలేదు. అయినా గదుల తాళంచెవి నాకు కనబడుతున్నట్టే ఉంది.

పాంచాలికి చెప్పండి. రెండు గదుల్లో ఒకదానికి కిటికీ ఉంది.

కరుప్పయ్య


అన్నూరు,
పురట్టాసి 13

చిరంజీవి కరుప్పయ్యకు.

నీ ఉత్తరమంతా సంతోషంగా ఉంది. అందులోని కాయలు మాత్రం నన్ను నిద్రపోనీయలేదు.

గట్లు పదునుగా ఉన్న అరటికాయ నిండని కాయ. ఇంకొక నెల చెట్టున ఉంటే రెట్టింపు తూగేది. ఆ సంగతి దానిని పెంచినవాడికి నీకంటే, నాకంటే బాగా తెలుసు. తెలిసీ కోశాడంటే, అతని బావి ఆ నెల ఆగలేదన్నమాట. వంకాయ మొక్కను వేరుతో పెరికినవాడు రెండో కాపు రాదని నిశ్చయించుకున్నాడు. ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు సామాను చౌకగా అమ్ముతారు. నువ్వు చూస్తున్నది ఆ చౌక.

కాబట్టి నా మాట విను. మిగిలిన డబ్బు తిరిగి ఇవ్వవద్దు. దానితో ఈ వారమే చింతపండు, ఉలవలు, గోరుచిక్కుడు వరుగులు, మామిడి వరుగులు, దొరికినన్ని బూడిద గుమ్మడికాయలు కొని సత్రంలోనే దాచు. కొన్న ప్రతి వస్తువూ ధర్మకర్తలకు చూపించు, దాపరికం వద్దు. వచ్చే నెల ఐప్పసి వాన పడితే అవి వృథా ఖర్చు అనిపించుకుంటాయి. ఆ నింద నామీద వేయి.

ఇక మా సంగతి. బావిలో నీళ్ళున్నాయి. పాంచాలి ఆ కిటికీ తూర్పుకా, పడమరకా అని అడుగుతోంది.

అప్పసామి


మదురై,
ఐప్పసి 2

మామగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం ఒక్కరోజు ఆలస్యమయింది. ముందురోజే డబ్బు తిరిగి ఇచ్చాను. పెద్ద ధర్మకర్త నలుగురి ముందూ నన్ను మెచ్చుకున్నారు. ఈ నెలనుంచి ఏవో కొన్ని మార్పులు చేస్తారట. వివరాలు తరువాత వ్రాస్తాను.

మీరు భయపడినట్టు చౌక ఆగిపోలేదు. నిన్న అంగడినిండా ముదురు సొరకాయలు, పండు దోసకాయలు, పెద్ద పెద్ద బీరకాయలు. గోరు దిగనంత పెంకు. ప్రతి కాయ తొడిమకూ పసుపు దారం ముడివేసి ఉంది. అయిదింటి వెలకు ఇరవై ఇచ్చారు. పెంకు తీసి, గింజ తీసి పులుసు పెట్టిస్తే నూటపదిమందికి సరిపోయింది. గింజలు వంటవాళ్ళు ఉప్పు వేసి వేయించారు. నేనూ ఒక గుప్పెడు తిన్నాను.

దారం ఎందుకని ఆరాయిని అడిగాను. ఎప్పుడూ పదిమాటలు ఆడే మనిషి, ఈసారి కాయ మీదనుంచి కళ్ళెత్తలేదు. "చెట్టే పోయినంక కాయకు తాళి కట్టి ఏమి లాభం సామీ? ఎత్తుకొని పో" అన్నది. తంబీ అని పిలిచేది, సామీ అన్నది.

ఊరిలో వాన పడిందా?

కరుప్పయ్య


అన్నూరు,
ఐప్పసి 10

చిరంజీవి కరుప్పయ్యకు.

తప్పు నాది. నీకు కొనడం నేర్పాను గాని, కొనకూడనిది ఒకటుందని చెప్పలేదు. నీ చిన్నతనమంతా బడిలోనూ పట్నంలోనూ గడిచింది, తోటలో గడవలేదు.

మన ఇళ్ళలో తీగకు పట్టిన మొదటి మంచి కాయను కోయరు. ఇంటి ఆడది తలస్నానం చేసి వచ్చి దానికి పసుపు దారం కడుతుంది. ఆ కాయ ముదిరి, ఎండి, అటుకమీద వేలాడి, మరుసటి ఏడు విత్తనమవుతుంది. పిల్ల ఆకలని ఏడ్చినా దానివైపు చేయి చాపరు. నువ్వు ఇరవై కాయలు కొన్నావు. ఇరవై ఇళ్ళవాళ్ళు వచ్చే ఏడు విత్తబోమని తేల్చుకుని వాటిని అంగడికి పంపారు. వాళ్ళు ఊళ్ళు విడిచివస్తారు. తక్కిన దారులు ఎటుపోయినా, తిండి దొరికే తలుపు ఎక్కడుందో ఆకలి కనుక్కుంటుంది. సత్రానికి జనం పెరుగుతారు, సిద్ధంగా ఉండు.

ఇకమీదట దారం కట్టిన కాయ కొనవలసివస్తే గింజలు కడిగి, బూడిద కలిపి, నీడన ఆరబెట్టి దాచు. వేయించనీయకు.

కూర దొరకని రోజున పనికివచ్చే సంగతులు కొన్ని వ్రాస్తున్నాను. నాగజెముడు పండును పట్టకారుతో పట్టి నిప్పుమీద తిప్పితే ముళ్ళు కాలిపోతాయి. లోపలి గుజ్జు తినవచ్చు, కాని గింజ మింగితే కడుపు బిగుస్తుంది, గుడ్డలో పిండాలి. కత్తాళి, అదే కిత్తనార, దుంపను ఏడుసార్లు నీళ్ళు మార్చి ఉడికించాలి. ఆరుసార్లు చాలదు, నోరు పొక్కుతుంది. చింతచిగురు ఒక్కటే తింటే విరేచనాలవుతాయి. ఏదైనా పిండి కలపాలి.

పాంచాలి క్షేమం.

అప్పసామి


మదురై,
కార్తిక 4

మామగారికి నమస్కారాలు.

ఐప్పసి మొత్తం ఒక్క మబ్బు లేదు. అంగడిలో ఇప్పుడు కొనేవాళ్ళే ఉన్నారు, అమ్మేవాళ్ళు లేరు. ఆరాయి కూర్చునే చోట పదిహేను రోజులుగా ఎవరూ కూర్చోలేదు. బియ్యం ధర రెండింతలు దాటింది. ఆకుకూర అనేది చూసి వారమయింది. మునగాకు కోసం వైగై నది దాటి వెళుతున్నాను.

మీరు వ్రాసిన నాగజెముడు పండ్లు తెప్పించాను. "ఇది మేక కూడా తినదు, సత్రం పేరు చెడగొడతావా?" అని వంటమనిషి గోల చేశాడు. మీరు చెప్పినట్టు గుడ్డలో పిండితే బాగానే ఉంది.

ఒకటి అడుగుతాను, కోపగించకండి. ఇరవైయారేళ్ళలో ఈ సత్రంలో కత్తాళి దుంప ఎన్నడూ ఉడకలేదు. ఆరుసార్లు చాలదని, నోరు పొక్కుతుందని మీకు ఎట్లా తెలిసింది? పాంచాలి ఏమి తింటోంది? ఉన్నది ఉన్నట్టు వ్రాయండి.

ఇక్కడ సత్రం నడుస్తోంది. నాగురించి ఆలోచించవద్దు.

కరుప్పయ్య


అన్నూరు,
కార్తిక 27

చిరంజీవి కరుప్పయ్యకు.

నీ ప్రశ్నకు ఇంతకాలం జవాబు వ్రాయనందుకు మన్నించు. తపాలామనిషి ఊరికి రావడం మానుకున్నాడు. ఈ ఉత్తరం పోదనూరు వెళుతున్న ఒకరి చేత పంపుతున్నాను.

బావిలో నీళ్ళున్నాయని వ్రాశాను. అప్పటికి మూరెడు ఉండేవి. ఐప్పసిలో అవీ పోయాయి. ఎద్దులను అమ్మాను. కత్తాళి దుంప సంగతి నువ్వు ఊహించినదే. నిన్ను కలవరపెట్టి నీ పని చెడగొట్టకూడదని వ్రాయలేదు.

తొమ్మిది రోజుల కిందట ఊరినుంచి ఇరవై ముగ్గురు బయలుదేరారు. నేనే పంపాను. ఇక్కడ ఉంటే ఈ నెల దాటరు. మదురైలో ఒక తలుపు ఉంది, మధ్యాహ్నపు గంటలోపల చేరితే చాలు, ఎందరు వచ్చినా ఆకు వేస్తారు అని చెప్పాను. ఇరవైయారేళ్ళు నా కళ్ళతో చూసిన మాట గనుక ధైర్యంగా చెప్పాను. పాంచాలిని కూడా వాళ్ళతో పంపాను. గదులు రాలేదని తెలుసు. కిటికీ లేకపోయినా ఫరవాలేదన్నది.

సత్రం దగ్గర నా పేరుగాని నీ పేరుగాని వాడవద్దని వాళ్ళందరికీ గట్టిగా చెప్పాను. ఆ తలుపు దగ్గర ఎవరి పేరూ అడగరు. మనవాళ్ళని చెప్పుకొని ముందు వరసలో కూర్చుంటే, వెనక వరసలో ఎవరికో తక్కువవుతుంది. తమ వంతున కూర్చుంటారు. భోజనాలయిన తరువాత పాంచాలి నిన్ను కలుస్తుంది.

పక్క ఇంటి అంగమ్మాళ్ ఇద్దరు ఆడపిల్లలతో నిలిచిపోయింది. ఆమె మగడు వలసపోయి కబురు లేదు. చిన్నపిల్లకు కాళ్ళు వాచాయి, నడవలేదు. నేను పొలం పని చూసుకోవాలి గనుక రాలేదు.

ఈపాటికి వాళ్ళు దిండిగల్లు దాటి ఉంటారు.

అప్పసామి


మదురై,
మార్గళి 1

మామగారికి.

మీనుంచి ఉత్తరం వచ్చి నెల దాటింది. మీకు చెప్పకుండా దాచినది ఇక దాచలేను.

నేను డబ్బు తిరిగి ఇచ్చిన మరుసటి రోజునుంచే కూరగాయల డబ్బులో మూడోవంతు తగ్గించారు. "తక్కువతో నడుస్తాదని నువ్వే చూపించినావు కదప్పా" అన్నారు. ధరలు పెరిగాక వెళ్ళి అడిగాను. డబ్బు పెంచలేదు, మనుషులను తగ్గించారు. కార్తిక నడుమనుంచి రోజుకు ఎనభై ఆకులు. ఎనభైయవ మనిషి కూర్చోగానే తలుపు వేయాలి.

ఇది మీకు వ్రాయడానికి సిగ్గుపడ్డాను. మీరు ఇరవైయారేళ్ళు తెరిచి ఉంచిన తలుపు నా మూడునెలల పొదుపుతో మూతపడింది.

లెక్క నేనే పెడుతున్నాను. వాకిట్లో సుడలై తలుపు పట్టుకొని నిలుచుంటాడు. నేను లోపల వరసలు చూసి అరుస్తాను, అతను వేస్తాడు. బయట మిగిలినవాళ్ళ ముఖాలు చూడకుండా ఉండడానికే నేను లోపల ఉంటున్నాను. మీరు సిద్ధంగా ఉండమన్నారు. నేను ఇట్లా సిద్ధమయ్యాను.

మీరూ పాంచాలీ ఎట్లా ఉన్నారో ఒక్క మాట వ్రాయండి.

కరుప్పయ్య


మదురై,
మార్గళి 8

మామగారికి.

మీ కార్తిక 27 ఉత్తరం మార్గళి 4న అందింది. వాళ్ళు మార్గళి 2న వచ్చారు.

చదివిన వెంటనే సంచి విసిరేసి వాకిట్లోకి పరుగెత్తాను. సుడలైని అడిగితే, "ఆమాం, మొన్న కోయంబత్తూరు పక్కవాళ్ళు ఒక గుంపు వచ్చినారు. తలుపు వేసినంక ఒక మాట అడగలేదు, తిట్టలేదు. కొంచెంసేపు నిలబడి పోయినారు. మంచి మనుషులు" అన్నాడు.

రెండు రోజులు వెదికాను. మూడోనాడు వైగై ఇసుకలో, చెలమ తవ్వుకుంటున్న ఆడవాళ్ళ మధ్య పాంచాలి దొరికింది. నేను గుర్తుపట్టలేదు. అదే నన్ను పిలిచింది. ప్రాణంతో ఉంది. దానితో ఆరుగురు ఉన్నారు. నలుగురు దారిలోనే పోయారట. తక్కినవాళ్ళు, సిలోను కాఫీతోటలకు కూలీలను పోగుచేసే మేస్త్రీ గంజి పోస్తానంటే అతని వెంట రేవువైపు వెళ్ళారు. వాళ్ళ జాడ నాకు తెలియలేదు.

పేరు చెప్పి ఉంటే తలుపు తీసేవాణ్ణి కదా అని పాంచాలిని అడిగాను. దాని జవాబు మీకు వ్రాయకుండా ఉండలేను.

"పేరు చెప్పవద్దని మామ చెప్పి పంపినారు. అయినా నీ గొంతు నాకు తెలియదా అన్నా? లోపలనుంచి 'ఎనభై, ఇంగ చాలు, తలుపు వెయ్యి' అన్నావు. అన్నే చెప్పినాక లోపల నిజంగానే లేదేమో అనుకొంటిని. ఉన్నింటే నువ్వు వెయ్యమంటావా?"

మరునాటినుంచి తలుపు వేయలేదు. నిన్న రెండువందల పదిమంది కూర్చున్నారు. నా చెవుల కడుకన్లు అమ్మి ఉలవలు కొన్నాను. మీరు నేర్పినవన్నీ ఉడికించాను. పెద్ద ధర్మకర్త వచ్చి వరసలన్నీ చూసి, అరవలేదు. "మార్గళి ఆఖరు వరకు నీ ఇష్టం. ఆ తరువాత తలుపూ ఉండదు, నువ్వూ ఉండవు" అని మాత్రం చెప్పి వెళ్ళారు. సత్రం మూసివేయడానికి తక్కిన ధర్మకర్తలూ ఒప్పుకున్నారు.

మీకు పొలం పని లేదని పాంచాలి చెప్పింది. మీ రెండు కాళ్ళూ మోకాళ్ళవరకు వాచాయని, గోడ పట్టుకొని లేస్తున్నారని చెప్పింది. పోదనూరు స్టేషనులో పనిచేసే అంతోని నాకు నమ్మకమైన స్నేహితుడు. మీ ఊరికి ఒంటెద్దు బండి పంపమని, మిమ్మల్ని రైలెక్కించమని అతనికి వ్రాసి, చార్జీ పంపాను. బండి రాగానే ఎక్కండి. ఈ ఒక్కసారి నా మాట వినండి.

ఊళ్ళో ఇంకా ఎవరైనా ఉంటే, ఈ నెలాఖరులోపల నడిచి చేరగలవారిని మాత్రమే పంపండి. నడవలేనివారికి ఈ తలుపు సంగతి చెప్పవద్దు.

కరుప్పయ్య


అన్నూరు,
మార్గళి 16

చిరంజీవి కరుప్పయ్యకు ఆశీస్సులు.

పాంచాలి దొరికిందన్న వాక్యం దగ్గర చాలాసేపు ఆగి, తరువాత మిగిలినది చదివాను. తలుపు మూసింది నువ్వొక్కడివే అనుకోవద్దు. బావి ఎండిన రోజునే నేను నీకు వ్రాసి ఉంటే, డబ్బు తగ్గించిన రోజునే నువ్వు నాకు వ్రాసి ఉంటే, వాళ్ళను నేను వేరే దారి పట్టించేవాణ్ణి. ఇద్దరమూ ఒకరినొకరు కాపాడుకున్నాము. అందుకు వాళ్ళు నడిచారు.

అంతోని బండి నీ ఉత్తరాలు రెండూ తీసుకొని ఈ ఉదయం వచ్చింది. ఎద్దు బక్కది, ముగ్గురికి మించి లాగలేదు. అంగమ్మాళ్‌ని, ఇద్దరు పిల్లలను ఎక్కించాను. నడవలేనివారికి చెప్పవద్దన్నావు. నీ ఉత్తరం అందేసరికే చెప్పేశాను. నా చార్జీతో అంగమ్మాళ్ వస్తుంది. పిల్లల సంగతి అంతోనికి వేరే చీటీ వ్రాశాను. ఈ ఉత్తరాన్ని వాళ్ళకంటే ఒకరోజు ముందు రైలులో పంపమన్నాను, అందిన మరునాడు మధ్యాహ్నం రైలుకు ఎదురు వెళ్ళు.

ఇప్పుడు నేను వ్రాసేది జాగ్రత్తగా చదువు. వాళ్ళు అన్నం అడుగుతారు. పెట్టవద్దు. నెలల తరబడి ఖాళీగా ఉన్న కడుపు అన్నం మొయ్యలేదు. నిండా తిన్న రోజునే ప్రాణం పోతుంది. ఇక్కడ ఇద్దరి విషయంలో చూశాను. మొదటి రోజు రాగిజావ, నీళ్ళకంటే కొంచెం చిక్కగా, ఉప్పు వేసి, ఒక్కొక్క చిప్పెడు, మధ్య మధ్య విరామమిచ్చి పట్టు. రెండో రోజు అదే. మూడో రోజు లేత మునగాకు ఉడికించి వడకట్టిన నీళ్ళు కలుపు. ముదురాకు కోయకు, రెమ్మ చివరి మూడు జతలే తీసుకో. అరటిపండు దొరికితే చర్మం మీద నల్లచుక్కలు పడేదాకా ఆగి, అప్పుడు నలిపి వేలితో నాకించు. అయిదో రోజుకు అన్నం.

పెద్దపిల్ల బాగా ఏడుస్తుంది. చిన్నది ఏడవదు, అడగదు, చూస్తూ ఉంటుంది. దానికి ముందు పట్టు.

అప్పసామి